ఇస్లాంను గౌరవిస్తే ఉగ్రవాదంపై పోరాటం బలహీనపడుతుందా?

అమ్మా, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. పహల్గాం దాడి జరిగిన తర్వాత, 2025 మేలో విజయనగరంలో పేలుడు పదార్థాల కేసు బయటపడిన తర్వాత మీ ఇంట్లోనూ కాలేజీలోనూ నడిచిన వాదనలు విని ఈ ప్రశ్నలు వచ్చాయని రాశారు. దేశాలన్నీ కలిసి ఉగ్రవాదాన్ని ఎదుర్కొంటామని చేసే ప్రకటనల వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా? ఇస్లాంను గౌరవించాలంటే దర్యాప్తు చేసేవారి చేతులు కట్టేసినట్టు కాదా? విశాఖలో ఉండే మామూలు మనుషులు చేయగలిగింది ఏమిటి?

పోలీసు శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం తీర భద్రతలోనూ, విదేశాలతో ముడిపడిన కేసుల కాగితాల మధ్యనూ గడిచింది. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను: మతాన్ని గౌరవించని దర్యాప్తు ముందుకు కదలదు. ఉగ్రవాది గురించి అందరికంటే ముందు తెలిసేది అతని పక్కింటివారికి, అతను నమాజుకు వెళ్లే మసీదులోని పెద్దలకు. వారు నోరు విప్పాలంటే పోలీసుల మీద నమ్మకం ఉండాలి. అతను దేశం దాటిపోతే పట్టి ఇవ్వాల్సింది మరో దేశం. ఆ దేశం మనల్ని అడిగేది అతను ఏం చేశాడని. అతను ఏ మతం వాడన్నదే మన వాదన అయితే ఆ కేసు విమానాశ్రయం దాకా కూడా రాదు.

మనకు దగ్గరలో, ఇదే బంగాళాఖాతం అవతల జరిగిన ఉదాహరణ చూడండి. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంకలో మూడు చర్చీలు, కొలంబోలో మూడు పెద్ద హోటళ్లు ఆత్మాహుతి దాడులకు గురయ్యాయి. 250 మందికి పైగా చనిపోయారు. ఈ దాడి గురించి భారత నిఘా వర్గాలు ఏప్రిల్ 4నే శ్రీలంకకు సమాచారం ఇచ్చాయి. చర్చీల మీద దాడి జరగవచ్చని, జహ్రాన్ హాషిమ్ అనే వ్యక్తి పేరుతో సహా చెప్పాయి. దాడికి ముందు మళ్లీ హెచ్చరించాయి. అంటే దేశాల మధ్య సహకారం అనేది ఆ రోజు కచ్చితంగా పనిచేసింది. పనిచేయనిది కొలంబోలోని కార్యాలయాల మధ్య సమాచారం కదలిక. అధ్యక్షుడికి, ప్రధానికి పడకపోవడం వల్ల ఆ కాగితం చేరాల్సిన చోటికి చేరలేదు. 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను బాధితులకు పది కోట్ల శ్రీలంక రూపాయలు చెల్లించమని ఆదేశించింది. హెచ్చరిక చేతిలో ఉండి కదలనందుకు ఒక దేశాధినేతను బాధ్యుడిని చేసిన తీర్పు అది. ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతి ఒక్కరూ చదవాల్సిన తీర్పు.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆ కథలో రెండో సగం గురించి. ఆ దాడికి నాయకుడైన జహ్రాన్ మొదట కత్తి దూసింది క్రైస్తవుల మీద కాదు. అతని సొంత ఊరు కాత్తాన్‌కుడిలో సూఫీ ముస్లింల మీద. 2017లో అక్కడ గొడవ జరిగాక పరారయ్యాడు. అతను ప్రమాదకరమైన మనిషని శ్రీలంక ముస్లిం పెద్దలు దాడికి చాలా ముందే అధికారులకు చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. దాడి జరిగిన అయిదు రోజులకు సాయిందమరుదు అనే ముస్లింల పట్టణంలో ఒక అద్దె ఇంట్లోకి కొత్తవాళ్లు దిగారు. వాళ్ల తీరు మీద అనుమానం వచ్చి సమాచారం ఇచ్చింది ఆ పట్టణంలోని ముస్లింలే. భద్రతా దళాలు చుట్టుముడితే లోపల ఉన్నది జహ్రాన్ తండ్రి, సోదరులు, వారి కుటుంబాలు. పేలుడు పదార్థాలు కూడా అక్కడే దొరికాయి. ఆ సమాచారం అందకపోయి ఉంటే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో ఊహించుకోండి.

తర్వాత ఏం జరిగింది? మే నెలలో అదే ముస్లింల దుకాణాలు, ఇళ్లు, మసీదుల మీద అల్లరి మూకలు దాడులు చేశాయి. ఒక ముస్లిం వైద్యుడి మీద ఆధారం లేని ఆరోపణలు వేసి జైల్లో పెట్టారు. ముందే హెచ్చరించినవారికి, చివరి ముఠాను పట్టించినవారికి దక్కిన ఫలితం ఇది. ఇంకోసారి అలాంటి అద్దె ఇల్లు కనిపిస్తే వాళ్లు ఫోను తీస్తారా? పోలీసు బుర్రతో ఆలోచించినా సరే, ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

ఇక విదేశాలకు పంపే అభ్యర్థనల సంగతి. బయటివారికి ఇది అర్థం కావడం కష్టం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నిందితుడు మరో దేశంలో ఉన్నాడనుకోండి. మన పోలీసు నేరుగా అక్కడికి వెళ్లి పట్టుకోలేడు. సాక్ష్యాలు కావాలంటే ఇక్కడి కోర్టు అక్కడి కోర్టుకు అభ్యర్థన పత్రం రాయాలి. మనిషే కావాలంటే ఇరు దేశాల ఒప్పందం ప్రకారం హోంశాఖ, విదేశాంగ శాఖల ద్వారా అప్పగింత కోరాలి. ఇంటర్‌పోల్ సాయం కావాలంటే సీబీఐ ద్వారా వెళ్లాలి. రెడ్ కార్నర్ నోటీసు అంటే అరెస్టు వారెంటని చాలామంది అనుకుంటారు. అది వారెంటు కాదు. ఫలానా వ్యక్తి కనిపిస్తే మాకు చెప్పండి, మీ చట్టం ఒప్పుకుంటే ఆపి ఉంచండి అనే వినతి. ఇంటర్‌పోల్ రాజ్యాంగంలో మూడో అధికరణం ఉంది. రాజకీయ, సైనిక, మత, జాతి స్వభావం ఉన్న ఏ పనిలోనూ ఆ సంస్థ తల దూర్చకూడదని అది ఖరాఖండిగా చెబుతుంది. అప్పగింత ఒప్పందాల్లో కూడా సాధారణంగా ఇలాంటి నిబంధన ఉంటుంది: మతం కారణంగానే ఒక మనిషిని శిక్షించడానికి అడుగుతున్నారని అనుమానం వస్తే అప్పగించనక్కరలేదు.

నేను పరిశీలించిన ఒక ఫైలు గురించి చెబుతాను. గల్ఫ్‌లో ఉన్న ఒక నిందితుడి కోసం తయారైన ముసాయిదా. బ్యాంకు లావాదేవీలు, ఫోను వివరాలు, సాక్షి వాంగ్మూలం, అన్నీ ఉన్నాయి. మంచి కేసు. కానీ నిందితుడి వివరాల దగ్గర ఎవరో ఒక పేరా చేర్చారు: గడ్డం పెంచాడు, అయిదు పూటలా నమాజు చేస్తాడు, ఫలానా మత సమావేశాలకు వెళ్లేవాడు అని. సంతకానికి ముందు సీనియర్ ప్రాసిక్యూటర్ ఒకరు ఆ పేరా మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి, పక్కన "ఇది నేరం కాదు" అని రాశారు. ఆయన నాకు విడమరచి చెప్పింది ఇది: ఈ కాగితం చదివే అధికారి కూడా గడ్డం ఉన్నవాడే, అయిదు పూటలా నమాజు చేసేవాడే. ఈ పేరా చూశాక మిగతా ఇరవై పేజీలను ఆయన నమ్మడు. ఆ పేరా తీసేశాక కేసు బలహీనపడలేదు, పదునెక్కింది. ఎందుకంటే మిగిలిందంతా డబ్బు, ఫోను, తేదీ, సంతకం. దేన్నీ ఎవరూ కాదనలేరు.

ముస్లిం దేశాలు ఇలాంటి కేసుల్లో సహకరించవని మీ స్నేహితులు అన్నారని రాశారు. 26/11 ముంబయి దాడుల సమయంలో పది మంది ముష్కరులకు కరాచీ నుంచి ఫోన్లో సూచనలు ఇచ్చినవారిలో ఒకడైన అబూ జుందాల్‌ను 2012 జూన్‌లో మనకు పంపింది సౌదీ అరేబియా. అతని దగ్గర పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉంది. తాను భారతీయుణ్ని కాదన్నాడు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో ఉన్న అతని కుటుంబ సభ్యుల డీఎన్‌ఏ నమూనాతో పోల్చి చూపించాక సౌదీ అతణ్ని విమానం ఎక్కించింది. మక్కా, మదీనాలు ఉన్న దేశం అది. మనం మతం మాట ఎత్తకుండా రక్తసంబంధాన్ని రుజువు చేశాం, వాళ్లు పంపారు. అంతే జరిగింది.

ఇండోనేషియా కథ ఇంకా గొప్పది. 2002 అక్టోబరు 12న బాలిలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు. వారిలో 88 మంది ఆస్ట్రేలియన్లు. ప్రపంచంలోనే ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశంలో, ఇస్లాం పేరు చెప్పుకున్న ముఠా చేసిన దాడి అది. దర్యాప్తుకు నాయకత్వం వహించింది మంగ్కు పాస్తికా అనే బాలి హిందూ పోలీసు అధికారి. ఆస్ట్రేలియా పోలీసులు పక్కన కూర్చుని పనిచేశారు. పేలుడుకు వాడిన మిత్సుబిషి వ్యాను మీద ఛాసిస్ నంబరును ముఠా అరగదీసేసింది. కానీ ఆ వ్యాను ఒకప్పుడు ప్రయాణికుల బండిగా తిరిగింది. అందుకోసం వేసిన మరో నంబరు ఒక ముక్క మీద మిగిలిపోయింది. శిథిలాల్లో ఆ ముక్కను వెతికి పట్టుకుని, పాత యజమానుల వరుస వెంట వెళ్లి, తూర్పు జావాలోని అమ్రోజీ ఇంటి తలుపు తట్టారు. ముద్దాయిలను ఇండోనేషియా కోర్టులే విచారించి శిక్షించాయి. 2004లో రెండు దేశాలూ కలిసి సెమరాంగ్‌లో పోలీసు శిక్షణ కేంద్రం పెట్టుకున్నాయి. నాకు తెలిసి అంతర్జాతీయ సహకారం అనే మాటకు ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆస్ట్రేలియా వచ్చి ఇండోనేషియాకు ఇస్లాం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, ప్రయోగశాల ఇచ్చింది.

మన 26/11 కేసులోనూ అలాంటిదే జరిగింది. అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు ముంబయి కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ముష్కరులు ఒడ్డుకు వచ్చిన రబ్బరు పడవకు ఉన్న యమహా ఇంజను జపాన్‌లో తయారై ఎక్కడికి ఎగుమతి అయిందో, జీపీఎస్ యంత్రంలో ఏ దారి నమోదై ఉందో నిరూపించారు. కసబ్ కేసు సుప్రీంకోర్టు దాకా నిలబడిందంటే ఇలాంటి వస్తువుల సాక్ష్యం వల్లే. ఆ కుట్రలో నిందితుడైన తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్‌లో అమెరికా మనకు అప్పగించింది. పదహారేళ్లకు పైగా పట్టింది. ఆలస్యం బాధ కలిగిస్తుంది, కానీ కాగితం కదులుతూనే ఉంది.

ప్రకటనల వల్ల ఒరిగేదేమిటన్నారు. కొన్నింటి వల్ల ఏమీ ఒరగదు, అది నిజం. ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం కావాలని భారత్ 1996లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. ఉగ్రవాదం అంటే ఏమిటో నిర్వచనం దగ్గరే అది ఇప్పటికీ ఆగిపోయి ఉంది. విదేశీ ఆక్రమణకు వ్యతిరేకంగా పోరాడేవారిని ఇందులో కలపకూడదని ఇస్లామిక్ దేశాల కూటమి వాదన. సైన్యాల చర్యలను ఎలా చూడాలన్నది ఇంకో పేచీ. జైషే మహ్మద్ ముఠా అధినేత మసూద్ అజహర్‌ను ఐరాస ఆంక్షల జాబితాలో చేర్చడానికి చైనా ఏళ్ల తరబడి అడ్డుపడింది. 2019 మే 1న గానీ ఆ పని కాలేదు. గమనించండి, అక్కడ అడ్డుపడింది మతం కాదు, ఒక దేశం రాజకీయ లెక్క.

పనిచేసే సంస్థలు మాత్రం నిశ్శబ్దంగా పనిచేస్తాయి. ఉగ్రవాదులకు డబ్బు చేరకుండా చూసే ఎఫ్ఏటీఎఫ్ 2018 జూన్‌లో పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాల్సిన దేశాల జాబితాలో, పెట్టింది. 2022 అక్టోబరు దాకా అందులోనే ఉంచింది. ఆ ఒత్తిడి ఉన్న కాలంలోనే, 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్రవాదానికి నిధులు సమకూర్చిన కేసుల్లో శిక్ష వేసింది. ఎన్నో తీర్మానాలు చేయలేని పనిని బ్యాంకుల భయం చేసింది.

డబ్బు దారిని మూసేటప్పుడు కూడా అమాయకులు నలిగే ప్రమాదం ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత చాలా దేశాల్లో ముస్లిం ధర్మసంస్థల ఖాతాలను బ్యాంకులు దూరం పెట్టాయి. జకాత్ అనేది ప్రతి ముస్లిం తన సంపదలో కొంత భాగం పేదలకు ఇవ్వాల్సిన విధి. ఆ డబ్బుకు సరైన బ్యాంకు దారి మూసేస్తే అది ఆగదు, లెక్కలేని చేతుల్లోకి వెళుతుంది. దొంగలకు కావలసింది అదే. అందుకే ఎఫ్ఏటీఎఫ్ ధర్మసంస్థల గురించిన తన ఎనిమిదో సిఫార్సును 2016లోనూ 2023లోనూ సవరించుకుంది. ముప్పు ఉన్న సంస్థలను మాత్రమే, ముప్పుకు తగినంత మేరకే కట్టడి చేయాలని, మంచి పని చేసే సంస్థలను ఇబ్బంది పెట్టవద్దని దాని సారాంశం. ఐరాస ఆంక్షల జాబితాలో తప్పుగా చేరినవారు మొరపెట్టుకోవడానికి కూడా మొదట దారి లేదు. యూరప్ న్యాయస్థానం 2008లో కాదీ అనే సౌదీ వ్యాపారి కేసులో గట్టిగా ప్రశ్నించాక, 2009 డిసెంబరులో అంబుడ్స్‌పర్సన్ అనే, మొరలు వినే స్వతంత్ర అధికారి పదవి ఏర్పాటైంది. న్యాయం చేర్చాక ఆ జాబితా విలువ పెరిగింది. 

మీ రెండో ప్రశ్నలో ఒక మాట ఉంది: "ముస్లిం పెద్దలు ఎందుకు ఖండించరు?" ఈ ప్రశ్న నాకు ఎన్నోసార్లు ఎదురైంది. ఖండించలేదని అనడం తెలియక అనే మాట. 2008 ఫిబ్రవరిలో దేవబంద్ దారుల్ ఉలూమ్ దేశం నలుమూలల నుంచి ఉలేమాలను, అంటే మత పండితులను, పిలిచి, ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించింది. అదే ఏడాది మే 31న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఫత్వా ఇచ్చింది. 2004లో జోర్డాన్ రాజు చొరవతో మొదలైన అమ్మాన్ సందేశం మీద అనేక దేశాల పండితులు సంతకాలు చేశారు. 2014 సెప్టెంబరులో 120 మందికి పైగా పండితులు ఐసిస్ నాయకుడు బాగ్దాదీకి బహిరంగ లేఖ రాసి, అతను చేస్తున్న ఒక్కొక్క పనీ ఇస్లాంలో ఎందుకు నిషిద్ధమో వివరించారు. 2016లో బంగ్లాదేశ్‌లో లక్ష మందికి పైగా ఉలేమాలు ఉగ్రవాద వ్యతిరేక ఫత్వా మీద సంతకాలు పెట్టారు. 26/11లో హతమైన తొమ్మిది మంది ముష్కరుల శవాలను తమ శ్మశానంలో పూడ్చడానికి ముంబయిలోని ముస్లిం ట్రస్టు ఒప్పుకోలేదు. ఆ శవాలు ఏడాదికి పైగా మార్చురీలోనే ఉండిపోయాయి. శవాన్ని కాదనడం ఇస్లాంలో ఎంత పెద్ద మాటో మీ ముస్లిం స్నేహితురాలిని అడగండి, చెబుతుంది.

అలాగని ఆ ముఠాలకు మతంతో ఏ సంబంధమూ లేదని తేల్చేస్తే అది కూడా పూర్తి నిజం కాదు. వాళ్లు ఖురాన్ వాక్యాలు వల్లిస్తారు, వాటితోనే పిల్లలను లాగుతారు. దాన్ని ఎదుర్కోవడానికి ఇస్లాం తెలిసినవారే కావాలి. వాళ్ల అసలు ఆయుధం తక్ఫీర్, అంటే తమతో ఏకీభవించని ముస్లింను ముస్లిమే కాదని వెలివేసి, చంపడం సబబే అనడం. ఇస్లాం చరిత్రలో ఇది కొత్త జబ్బు కాదు. నాలుగో ఖలీఫా హజ్రత్ అలీని 661లో కూఫా మసీదులో చంపింది ఖవారిజ్ అనే ఇలాంటి వర్గం మనిషే. ఆనాటి నుంచీ ముస్లిం పండితులు దీనితో వాదిస్తూనే ఉన్నారు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీస్తే మానవాళినంతా చంపినట్టేనన్న ఖురాన్ అయిదో అధ్యాయంలోని వాక్యాన్ని, మతంలో బలవంతం లేదన్న రెండో అధ్యాయంలోని వాక్యాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నారు. సింగపూర్‌లో 2003 నుంచి మత పండితుల బృందం ఒకటి జైల్లో ఉన్న నిందితులతో స్వచ్ఛందంగా కూర్చుని మాట్లాడుతోంది. ఆ గదిలో పోలీసు చేయలేని పనిని మౌల్వీ చేస్తాడు. ఆయన మతాన్ని కించపరిచి, ఆయన్నే సాయం అడగలేం కదా.

ఉగ్రవాదం అనగానే ఒకే మతం గుర్తుకు రావడం కూడా ఆగి చూసుకోవాలి. 2018 సెప్టెంబరు 23న మన ఏజెన్సీలో, లివిటిపుట్టు దగ్గర, అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ రోజు హంతకుల మతం ఏమిటని విశాఖలో ఎవరూ అడగలేదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని ఒక శ్వేతజాతి ఉన్మాది కాల్చి చంపాడు. చనిపోయినవారిలో హైదరాబాదు మూలాలున్నవారూ ఉన్నారు. పెషావర్ సైనిక పాఠశాలలో 2014 డిసెంబరు 16న తాలిబన్లు చంపిన వందమందికి పైగా పిల్లలు ముస్లింల పిల్లలే. పహల్గాంలో చనిపోయిన 26 మందిలో మన విశాఖవాసి ఒకరు ఉన్నారు. ముష్కరులను అడ్డుకోబోయి తూటాలకు బలైన కాశ్మీరీ ముస్లిం గుర్రం నడిపే యువకుడూ ఆ 26 మందిలోనే ఉన్నాడు. ఆ మరునాడు కాశ్మీర్ లోయ అంతా దుకాణాలు మూసి నిరసన తెలిపింది. మతం అడిగి చంపినవాడి లెక్కనే మనమూ పట్టుకుంటే వాడు కోరుకున్నది మన చేతులతో చేసిపెట్టినవాళ్లమవుతాం.

తెలుగు నేల మీద జరిగిన రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. 2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు. వెంటనే పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. చిత్రహింసలు పెట్టారని మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. కేసులు ఎదుర్కొన్నవారిని కోర్టులు నిర్దోషులుగా వదిలిపెట్టాయి. తర్వాత సీబీఐ, ఎన్ఐఏ మరో దిశలో వెళ్లి హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవారిని నిందితులుగా చేర్చాయి. 2018 ఏప్రిల్‌లో వారూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఇప్పటికీ ఆ పేలుడుకు ఎవరికీ శిక్ష పడలేదు. మొదటి వారంలోనే ఎవరు చేసి ఉంటారో మనసులో నిర్ణయించుకుని మొదలుపెట్టిన కేసు అది. దాని మూల్యం ఆ యువకులు చెల్లించారు, చనిపోయినవారి కుటుంబాలు కూడా చెల్లించాయి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయారు. అక్కడ ఎన్ఐఏ సాక్ష్యాల వెంట నడిచింది. ఇండియన్ ముజాహిదీన్ ముఠా నాయకుడు యాసిన్ భత్కల్ 2013 ఆగస్టులో నేపాల్ సరిహద్దు దగ్గర దొరికాడు. 2016 డిసెంబరులో అయిదుగురికి మరణశిక్ష పడింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది. ఇక్కడ దోషులు ముస్లింలే. వారికి శిక్ష పడింది వారు చేసిన పనికి. ఆ తేడాను సామాన్య ముస్లింలు చూస్తారు, గుర్తుంచుకుంటారు. విజయనగరం కేసు ఇంకా కోర్టు ముందు ఉంది. తీర్పు రాకముందే నేను గానీ మీరు గానీ ఏదీ తేల్చకూడదు.

ఇక మన ఊరి సంగతి. 26/11 ముష్కరులు వచ్చింది సముద్రం మీద, గుజరాత్‌కు చెందిన కుబేర్ అనే చేపల పడవను చేజిక్కించుకుని. ముంబయిలో వాళ్లు ఒడ్డుకు దిగిన చోట మొదట చూసింది, ఎవరు మీరని అడిగింది అక్కడి మత్స్యకారులే. ఆ తర్వాత తీర భద్రత మొత్తం బాధ్యతను నౌకాదళానికి అప్పగించి, నాలుగు చోట్ల ఉమ్మడి కేంద్రాలు పెట్టారు. వాటిలో ఒకటి విశాఖ. మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, పడవలకు నంబర్లు, రంగులు, మెరైన్ పోలీస్ స్టేషన్లు, సాగర్ కవచ్ విన్యాసాలు, ఇవన్నీ అక్కడి నుంచి వచ్చినవే. రాడార్ ఎంత మంచిదైనా చిన్న పడవల గుంపులో తేడా పట్టలేదు. ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద వల బాగుచేసుకుంటున్న సరంగు పడతాడు. ఆ పడవకు మంచు పెట్టె ఉంది గానీ లోపల మంచు లేదు, వల పొడిగా ఉంది, ఇంజను మాత్రం కొత్తది అని చెప్పేది ఆయనే. తీర భద్రతలో నాకు అందిన పనికొచ్చే సమాచారంలో ఎక్కువ భాగం ఇలాంటి మాటల రూపంలోనే వచ్చింది.

మన ఆర్‌కే బీచ్‌లో మిలన్ కవాతు మీరు చూసే ఉంటారు. 1995లో అండమాన్‌లో మొదలైన ఆ నౌకా విన్యాసాలు 2022లో మొదటిసారి విశాఖకు వచ్చాయి. మొదలైన ఏడాదిలోనే ఇండోనేషియా అందులో ఉంది. బంగ్లాదేశ్, మలేసియా వంటి దేశాలూ పాల్గొంటూ వచ్చాయి. ఆ నావికులు కొన్ని రోజులు ఇక్కడ తిరుగుతారు, శుక్రవారం మన మసీదుల్లో నమాజు చేస్తారు. మన ముస్లింలు ఎలా బతుకుతున్నారో వాళ్లు కళ్లారా చూస్తారు. రేపు సముద్రం మధ్యలో అనుమానాస్పద ఓడ గురించి మన అధికారి అటువైపు ఫోను చేసినప్పుడు ఆ పరిచయం పనికొస్తుంది.

హార్బరు ముఖద్వారం దగ్గర దర్గా కొండ మీద ఉన్న ఇస్హాక్ మదీనా దర్గా గురించి పాత జిల్లా గెజిటీర్‌లో ఒక ముచ్చట ఉంది. వచ్చే ఓడలూ పోయే ఓడలూ జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఆ పీరుకు వందనం చేసేవట. ప్రయాణం సుఖంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు చిన్న వెండి పడవలు సమర్పించేవారట. సముద్రం మీద బతికేవారికి ఈ కలగలుపు కొత్త కాదు. పాతనగరంలో, కోటవీధి పరిసరాల్లో పనిచేసినప్పుడు నేను ముందుగా వెళ్లి కూర్చున్నది మసీదు కమిటీ పెద్దల దగ్గర. పండగ బందోబస్తు గురించి మాట్లాడడంతో మొదలైన ఆ పరిచయాల వల్లే తర్వాత కాలంలో ఒక తండ్రి తన కొడుకు ఫోనులో చూస్తున్న వీడియోల గురించి మాకు చెప్పగలిగాడు. ఆ అబ్బాయి మీద కేసు పెట్టలేదు. పెద్దలు, ఒక మౌల్వీ, ఒక వైద్యుడు కలిసి దారికి తెచ్చారు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కేసు పెడతారనే భయం ఉండి ఉంటే ఆ తండ్రి మా గడప తొక్కేవాడు కాదు.

మీ మూడో ప్రశ్న, మామూలు మనుషులు ఏం చేయాలని. మీ నాన్నగారికి అద్దె ఇళ్లు ఉన్నాయని రాశారు. అద్దెకు దిగే ప్రతి ఒక్కరి గుర్తింపు పత్రం తీసుకుని, ఒక నకలు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వమనండి. ప్రతి ఒక్కరిదీ, పేరుతో నిమిత్తం లేకుండా. ముస్లింలకు అసలు ఇల్లే ఇవ్వనంటే భద్రత పెరగదు. మంచి కుటుంబాలు ఊరి అంచులకు పోతాయి, పక్కింటివాడు పక్కింటివాణ్ని గమనించుకునే వీలు పోతుంది. వాట్సాప్‌లో వచ్చే పాత వీడియోలను కొత్త సంఘటన పేరుతో పంపేవారికి అది ఎక్కడిది, ఏ ఏటిదని అడగండి. జవాబు రాకపోతే మీ దగ్గరే ఆపేయండి. 2019 డిసెంబరులో మన నౌకాదళ సిబ్బంది కొందరు గూఢచర్యం కేసులో దొరికింది ఫేస్‌బుక్ పరిచయాల వలలో పడి అని గుర్తుంచుకోండి. మీ కాలేజీలో ఎవరైనా ఉన్నట్టుండి పాత స్నేహాలన్నీ తెంచుకుని, హింసను మెచ్చుకుంటూ, ముక్కుమొహం తెలియని వ్యక్తులు చెప్పినట్టు ఆడుతుంటే, ఏ మతం పిల్లలైనా, ముందు ఇంట్లోవారికి చెప్పండి. ఆయుధం, పేలుడు పదార్థం, తేదీ, చోటు వంటి మాటలు వినిపిస్తే ఇంటివరకూ ఆగకుండా నేరుగా 112కు ఫోను చేయండి. సముద్రం మీద తేడాగా ఏదైనా కనిపిస్తే కోస్టుగార్డు నంబరు 1554.

ఫోను చేసినప్పుడు కంటితో చూసింది చెప్పండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, బండి నంబరు లేదా పడవ నంబరు, ఎంతమంది, ఏం మోస్తున్నారు, ఎటు వెళ్లారు. పేరు, వేషం, గడ్డం చూసి అనుమానం వచ్చిందని మాత్రమే చెప్పగలిగితే ఆ ఫోను వల్ల డ్యూటీలో ఉన్నవారి సమయం పోతుంది. పడవ నంబరు ఒక్కటి సరిగ్గా చెప్పినా అరగంటలో దాని యజమాని ఎవరో తేలుతుంది.